ఉమ్మడి బాటా, వేరు బాటా: నెకార్ ఒడ్డున మూడున్నర కిలోమీటర్ల మ్యాపింగ్ అనుభవం

నిరుడు వేసవిలో నాన్న మూడు నెలలు ఉండి వెళదామని జర్మనీ వచ్చారు. మేముండేది స్టుట్‌గార్ట్‌కు ఎగువన, నెకార్ నది లోయలో ఒక చిన్న పట్టణం. వచ్చిన మూడో రోజు తెల్లవారగానే ఒక్కరే నది ఒడ్డుకు నడకకు వెళ్ళి, గంట తర్వాత ముఖం వాడిపోయి తిరిగొచ్చారు. వెనక నుంచి వేగంగా వచ్చిన సైకిలు మోచేతిని రాసుకుంటూ పోయిందట. తొక్కే మనిషి ఆగకుండానే వెనక్కి తిరిగి ఏదో అరిచాడట. మాట అర్థం కాకపోయినా అది తిట్టని నాన్నకు తెలిసిపోయింది. "బోర్డు మీద మనిషి బొమ్మా ఉంది, సైకిలు బొమ్మా ఉంది. నేను నడిస్తే తప్పెలా అయింది?" అని అడిగారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తొమ్మిదేళ్ళుగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో స్వచ్ఛందంగా పని చేస్తున్నవాణ్ణి. 2004లో బ్రిటన్‌లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. నాన్న ఫోనులో నేను పెట్టి ఇచ్చిన మ్యాపుకూ సమాచారం అక్కడి నుంచే వస్తుంది. అందులో ఆ ఒడ్డు పొడవునా ఒకే ఒక నీలి గీత ఉంది. రోజూ సైకిలు మీద నేను ఆఫీసుకు వెళ్ళే దారి అదే. సైకిలు మీద నుంచి చూసినంత కాలం ఆ గీతలో నాకే లోపమూ కనిపించలేదు. నడిచే మనిషి కళ్ళతో చూసేసరికి, మూడున్నర కిలోమీటర్లలో ఐదు రకాల దారులు ఒకే పేరు కింద పడి ఉన్నాయి.

ఆ గీతను ఎలా విడదీశానో, ఎక్కడ తడబడ్డానో, ఎక్కడ తోటి వాలంటీరుతో వాదించానో ఇక్కడ రాస్తున్నాను. పటంలోని గీత ఏ రకం దారో చెప్పే చిన్న గుర్తులను ట్యాగులంటారు. వాటిని మన లిపిలో ఉచ్చారణ ప్రకారం ఇస్తున్నాను. ఎడిటర్‌లో అవన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలతో ఉంటాయి.

మ్యాపులో అంతకుముందు ఏముంది

మొత్తం ఒడ్డుకు ఉన్నది ఒకే ట్యాగు: 'హైవే=సైకిల్‌వే'. ఈ పటంలో హైవే అంటే పెద్ద రోడ్డే కాదు, ఏ దారైనా. చాలా ఏళ్ళ కిందట ఎవరో శాటిలైట్ చిత్రం చూసి గీశారు. ఆ రోజుల్లో అసలు గీత ఉండటమే గొప్ప, కాబట్టి వారిని తప్పు పట్టను. అయితే ఈ ఒక్క ట్యాగుకు దేశానికొక అర్థం ఉంది. బ్రిటన్‌లో సైకిల్‌వే అని రాస్తే నడిచేవారికీ అనుమతి ఉన్నట్టే లెక్క. జర్మనీలో సైకిల్‌వే అంటే సైకిలు బొమ్మ ఒక్కటే ఉన్న 237వ నంబరు నీలి బోర్డు గుర్తుకొస్తుంది. అక్కడ నడవకూడదు. అందుకని ఆ ఒడ్డు మీదుగా నడక దారి అడిగితే ఒక రూటరు (పటం చూసి దారి లెక్కగట్టే ప్రోగ్రాము) నదిని వదిలి లారీలు తిరిగే పెద్ద రోడ్డు పక్కగా పంపేది, ఇంకొకటి నది వెంబడే పంపేది. సమాచారం ఒకటే. రాయని చోటును ఎవరికి తోచినట్టు వారు పూరించుకున్నారు.

నాన్నను ఇబ్బంది పెట్టింది కూడా ఆ రాయని భాగమే. ఆయన నడిచిన చోట రెండు రంగుల నేల ఉంది. ఎర్ర ఇటుకలు పరిచినది సైకిళ్ళకు, బూడిదరంగు పలకలు పరిచినది నడకకు. ఎర్రటి నేల నున్నగా ఉంది కదా అని దాని మీద నడిచారు. బోర్డు మీద ఇద్దరూ ఉన్నారన్న మాట నిజమే. కానీ ఇద్దరి మధ్యా నిలువు గీత ఉంది.

గీత నిలువా, అడ్డమా

జర్మనీ బోర్డుల్లో ఈ తేడా చాలా చిన్నది, చాలా ముఖ్యమైనది. 240వ నంబరు గుండ్రని నీలి బోర్డులో పైన పిల్లను చేయి పట్టుకున్న పెద్ద మనిషి, కింద సైకిలు, మధ్యలో అడ్డగీత ఉంటాయి. ఇది ఉమ్మడి బాట. మొత్తం వెడల్పు ఇద్దరిదీ. సైకిలు తొక్కేవారు నడిచేవారిని చూసుకుంటూ, అవసరమైతే వేగం తగ్గించుకుని వెళ్ళాలి. 241లో అవే బొమ్మలు పక్కపక్కన ఉంటాయి, మధ్యలో నిలువు గీత. ఒకే బాట మీద వేరు కుంపట్లు. సైకిలు తన వైపు, మనిషి తన వైపు. ఇక 239 నడిచేవారిది. దాని కింద సైకిళ్ళకు అనుమతి అని తెల్ల పలక తగిలిస్తే సైకిలు వెళ్ళవచ్చు, కానీ మనిషి నడిచే వేగంతోనే వెళ్ళాలి.

మరో తేడా నడిచేవారి కంటికి కనిపించదు. రోడ్డు పక్కన 237, 240, 241 బోర్డులుంటే సైకిలు ఆ బాటనే వాడాలి, రోడ్డెక్కకూడదు. 239 కింద తెల్ల పలక ఉన్న చోట ఆ నిర్బంధం లేదు. 2010 నవంబరులో జర్మనీ కేంద్ర పరిపాలనా న్యాయస్థానం, మామూలును మించిన ప్రమాదం ఉన్న చోటే ఇలాంటి నిర్బంధం పెట్టాలని తేల్చింది. ఆ తర్వాత చాలా చోట్ల నీలి బోర్డులు తీసేశారు. బాట అలాగే ఉంది, బోర్డు లేదు. అందుకే పాత ఫొటోలు చూసి ఇంట్లో కూర్చుని బోర్డు నంబరు రాయడం నాకు నచ్చదు. వెళ్ళి చూడాలి.

ట్యాగుల్లోకి ఇది ఇలా దిగుతుంది. ఉమ్మడి బాటకు 'హైవే=పాత్', 'ఫుట్=డెజిగ్నేటెడ్', 'బైసికిల్=డెజిగ్నేటెడ్', 'సెగ్రిగేటెడ్=నో'. వేరు బాటకు మొదటి మూడూ అవే, చివరిది మాత్రం 'సెగ్రిగేటెడ్=యెస్'. నడక బాట మీద సైకిలుకు అనుమతి ఉన్న చోట 'హైవే=ఫుట్‌వే', 'బైసికిల్=యెస్'. సెగ్రిగేటెడ్ అంటే సైకిలుకూ నడకకూ చోటు వేరు చేసినది. డెజిగ్నేటెడ్ అంటే ఫలానావారి కోసమే అని బోర్డు పెట్టి కేటాయించినది. యెస్ అంటే వెళ్ళనిస్తారు, అంతవరకే. ఈ రెండూ ఒకటే అనుకుని రాసేవారు చాలామంది ఉన్నారు, మొదటి రెండేళ్ళు నేనూ అలాగే రాశాను. వీటికి తోడు బోర్డు నంబరును 'ట్రాఫిక్_సైన్' ట్యాగులో యథాతథంగా రాస్తాను. రేపు ఎవరైనా నా నిర్ణయాన్ని ప్రశ్నిస్తే నేను చూసినదేమిటో వారికి కనిపించాలి.

టేపు ఒక కొన నాన్న చేతిలో

నాన్న గోదావరి డెల్టాలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పని చేసి రిటైరయ్యారు. గట్లు, తూములు, లాకులు, లస్కర్లు ఆయన జీవితం. సర్వేకు వెళుతున్నానంటే వద్దన్నా వెంట వచ్చారు. రెండు ఆదివారాలు పట్టింది. చేతిలో ఐదు మీటర్ల స్టీలు టేపు, నోటు పుస్తకం, ఫోనులో స్ట్రీట్‌కంప్లీట్ యాప్. నిలబడ్డ చోట నేల ఏ రకం, వెడల్పెంత, రాత్రి దీపాలున్నాయా, సైకిలూ మనిషీ వేరా కలిసా అని ఆ యాప్ ఒక్కొక్కటే అడుగుతుంది. కొత్తవారికి అంతకన్నా మంచి గురువు లేదు. అయితే గీతను ఎక్కడ ముక్కలు చేయాలో నిర్ణయించే పనికి నేను ఇంటికి వచ్చి కంప్యూటర్ మీద జోసం ఎడిటర్‌నే వాడతాను.

వెడల్పు కొలవడంలో నాన్న నన్ను సరిదిద్దారు. నేను ప్రతి భాగం మొదట్లో ఒకసారి కొలిచి రాసుకుంటున్నాను. "ఒక్క చోట కొలిస్తే అది కొలత కాదు. మూడు చోట్ల తీయి. ఎక్కడ ఇరుకో అది విడిగా రాయి. నీళ్ళు ఆగేదీ, బండి ఆగేదీ అక్కడే" అన్నారు. అలాగే చేశాం. ఉమ్మడి బాట దాదాపు అంతటా రెండు మీటర్ల అరవై, డెబ్బై వచ్చింది. పాత గోడ పక్కన ముప్ఫై అడుగుల మేర మాత్రం ఒకటీ తొంభై. జర్మనీ పరిపాలనా నియమాల ప్రకారం ఉమ్మడి బాటకు ఊరి లోపల కనీసం రెండున్నర మీటర్లు, ఊరి బయట రెండు మీటర్లు ఉండాలి. గోడ పక్కన ఊరి లోపలి కొలతా లేదు, బయటి కొలతా లేదు. అది సరిదిద్దడం మ్యాపు వేసేవాడి చేతిలో లేదు కానీ, ఆ ముప్ఫై అడుగులను విడి ముక్కగా కోసి 'విడ్త్=1.9' అని రాయడం నా పనే. ముక్క చిన్నదైపోతుందని చాలామంది జంకుతారు. జంకనక్కర్లేదు.

ఐదు ముక్కలు

మొదటి ముక్క రైల్వే స్టేషను దగ్గర నుంచి పాత వంతెన వరకు. 240 బోర్డు స్పష్టంగా ఉంది, తారు నేల, దీపాలున్నాయి. పది నిమిషాల్లో అయిపోయింది.

రెండోది నాన్న తిట్లు తిన్న చోటు. నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. ఎరుపు, బూడిద నేలలను ఒకే గీతగా గీయాలా, రెండు గీతలుగానా? రెండు గీతలు గీస్తే పటంలో అందంగా కనిపిస్తుంది, నడిచేవారి దారి విడిగా తెలుస్తుంది. కానీ రెండింటి మధ్యా ఉన్నది ఏమిటి? అంచు కూడా లేని ఒక తెల్ల రాళ్ళ వరస. ఎవరైనా ఎక్కడైనా ఒక అడుగుతో ఇటు నుంచి అటు దాటవచ్చు. రెండు గీతలు గీస్తే రూటరుకు మధ్యలో గోడ ఉన్నట్టే లెక్క. ఎదుటి బెంచీ దగ్గరికి వెళ్ళడానికి రెండు వందల మీటర్లు చుట్టూ తిరిగి రమ్మంటుంది. కాబట్టి నేను పాటించేది ఇదీ: మధ్యలో గడ్డి పట్టీయో, ఎత్తు అంచో, చెట్ల వరసో ఉండి కాలు అడ్డం పడితే రెండు గీతలు. రంగో, రాయో మాత్రమే మారితే ఒక గీత, 'సెగ్రిగేటెడ్=యెస్'.

ఒకే గీతలో ఏ వైపు ఎవరిదో ఎలా చెప్పాలి? బోర్డు నంబరులోనే ఆ సంగతి ఉంది. 241-30 అంటే సైకిలు ఎడమ, మనిషి కుడి. 241-31 అందుకు తలకిందులు. నేలలు వేరు కాబట్టి 'సైకిల్‌వే:సర్ఫేస్', 'ఫుట్‌వే:సర్ఫేస్' అని విడివిడిగా, వెడల్పులు కూడా అలాగే విడివిడిగా రాశాను. చక్రాల కుర్చీలో వెళ్ళేవారికి, చంటిపిల్లల బండి తోసేవారికి నడక వైపు వెడల్పే కావాలి. మొత్తం వెడల్పు రాసి ఊరుకుంటే వారికి అది పనికిరాని సంఖ్య.

మూడో ముక్క కొత్త రోడ్డు వంతెన కింద నుంచి పోతుంది. వంతెన దాటాక బోర్డు లేదు. ఉమ్మడి బాటే కొనసాగుతోందని కళ్ళకు అనిపిస్తుంది, తారు అదే, వెడల్పు అదే. అలా అనిపించినంత మాత్రాన డెజిగ్నేటెడ్ అని రాయవచ్చా? అటూ ఇటూ తిరుగుతూ పావుగంట గడిపాం. చివరికి అవతలి కొస వరకు నడిచి వెనక్కి తిరిగి చూస్తే, ఎదురు దిశ నుంచి వచ్చేవారికి కనిపించేలా 240 నిలబెట్టి ఉంది. మేము వెళ్ళిన దిశకు మాత్రం లేదు. ఈ ముక్కలో బాట రోడ్డును ఆనుకుని పోతుంది. రోడ్డు పక్క బాట మీద ఎడమ వైపున సైకిలు తొక్కాలంటే ఆ దిశకు విడిగా బోర్డు గానీ అనుమతి గానీ ఉండాలన్నది జర్మనీ నియమం. కనుక బోర్డును ఏ దిశకు ఉందో ఆ దిశకే రాశాను, రెండు దిశలకూ కలిపి రాయలేదు. అప్పటి నుంచి ఏ బాటనైనా ఒక్క దిశలో నడిచి సర్వే అయిందనుకోను. తిరుగు ప్రయాణం కూడా సర్వేనే.

ఇదే చోట నాన్న మరొకటి చూశారు. వంతెన కింద బాట బాగా పల్లంగా ఉంది. గోడ మీద మోకాలి ఎత్తున బురద మరక. "ఇక్కడికి నీళ్ళు వస్తాయి" అన్నారు. నాలుగేళ్ళుగా నేను దాని పక్క నుంచే పోతున్నాను. నది పొంగినప్పుడు ఆ దారి మూసేస్తారని తెలుసు కూడా, అయినా రాయాలని తోచలేదు. 'ఫ్లడ్_ప్రోన్=యెస్' అని చేర్చాను.

నాలుగోది పొలాల మధ్య దారి. గుండ్రని బోర్డులో ఎర్ర అంచు, లోపల కారు, మోటారు సైకిలు బొమ్మలు. 260వ నంబరు, అంటే మోటారు వాహనాలు రాకూడదు. కింద వ్యవసాయ వాహనాలకు మినహాయింపు. ఇది సైకిల్‌వే కానే కాదు. ట్రాక్టరు దారి. సైకిలు తొక్కేవారికి ఇష్టమైన దారి కాబట్టి ఎవరో సైకిల్‌వే అని రాసేశారు. 'హైవే=ట్రాక్', 'మోటార్_వెహికల్=అగ్రికల్చరల్' అని మార్చాను. నీలి గీత పోయి గోధుమ గీత వచ్చింది. చూసేవారికి ఇది తగ్గింపులా కనిపిస్తుంది. కానీ అక్టోబరులో కోతల వేళ మలుపులో ట్రాక్టరు ఎదురు కావచ్చని సైకిలు మీద వచ్చేవారికి తెలియాలి. ఈ దారి నెకార్ లోయ సైకిల్ మార్గంలో భాగం. ఆ మార్గం నది పుట్టిన చోటుకు దగ్గరి ఫిలింగెన్-ష్వెన్నింగెన్ నుంచి మాన్‌హైమ్ వరకు సాగుతుంది. దాన్ని విడిగా రూట్ రిలేషన్‌గా, అంటే ఆ మార్గంలోని గీతలన్నిటినీ కలిపే జాబితాగా రాస్తారు. దారి ఏ రకందో ఒక చోట, ఏ మార్గంలో భాగమో ఇంకో చోట. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం పొరపాట్లు వస్తాయి.

ఐదోది ఒడ్డు విడిచి అడవిలోకి ఎక్కే సన్నటి దారి. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం అడవిలో రెండు మీటర్లకన్నా ఇరుకైన దారిలో సైకిలు తొక్కకూడదు. మేం కొలిస్తే ఒకటీ అరవై వచ్చింది. అలాంటప్పుడు 'బైసికిల్=నో' అని రాయాలా? నేను రాయలేదు. 'విడ్త్=1.6' అని రాసి, సైకిలు సంగతి వదిలేశాను. అక్కడ బోర్డు లేదు. నేను చూసినది కొలత మాత్రమే. చట్టం రేపు మారవచ్చు, కొలత అలాగే ఉంటుంది. చట్టాన్ని కొలతతో కలిపి చదివే పని రూటరుది. దీన్ని ఒప్పుకోని వాలంటీర్లు ఈ రాష్ట్రంలోనే ఉన్నారు, వారి వాదనలో బలం లేకపోలేదు. అయినా నేను ఈ పక్షమే.

పాత్ అనాలా, సైకిల్‌వే అనాలా

మార్పులు పంపిన రెండో రోజున ఒక తోటి వాలంటీరు మొదటి ముక్కను 'హైవే=పాత్' నుంచి మళ్ళీ 'హైవే=సైకిల్‌వే'కు మార్చారు. మిగతా ట్యాగులన్నీ అలాగే ఉంచారు. నాకు మొదట కోపం వచ్చింది. తర్వాత ఉత్తరాలు రాసుకున్నాం.

ఈ తగువు మాతో మొదలైంది కాదు. 2008లో ఓటింగు జరిగి 'పాత్' ట్యాగు వచ్చినప్పటి నుంచీ నడుస్తోంది. ఉమ్మడి బాట ఎవరి ఒక్కరిదీ కాదు కాబట్టి పాత్ అనడమే న్యాయమని నా భావన. సైకిల్‌వే అన్న మాటే నడిచేవారిని అతిథులను చేస్తుంది. ఆయన వాదన ఇంకో రకం. ఆల్ప్స్ కొండల్లో రాళ్ళ మీద తాడు పట్టుకుని ఎక్కే దారి కూడా 'పాత్' కిందికే వస్తుంది. నగరంలో తారు వేసిన మూడు మీటర్ల బాటకూ అదే పేరు పెడితే, మిగతా ట్యాగులు చదవని యాప్ రెండింటినీ ఒకేలా చూపిస్తుంది. కొండ దారి అనుకుని ఒక ముసలావిడ నది ఒడ్డును వదులుకుంటే ఎవరి తప్పు అని అడిగారు. అది బలమైన మాట, ఒప్పుకున్నాను.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు నుంచీ ఏ పేరు ఉందో అదే ఉంచాలి. ఫుట్, బైసికిల్, సెగ్రిగేటెడ్, సర్ఫేస్, విడ్త్ ఈ ఐదూ మాత్రం ఎక్కడా లేకుండా ఉండకూడదు. ఈ ఐదూ ఉంటే పాత్ అన్నా సైకిల్‌వే అన్నా చదవగలిగిన యంత్రానికి ఒకటే అర్థమవుతుంది. ఐదూ లేకపోతే ఏ పేరు పెట్టినా అర్థం కాదు. ఎక్కువ సమయం తినేది పేరు మీద వాదన. ఎక్కువ మేలు చేసేది 'సెగ్రిగేటెడ్' అన్న ఒక్క ట్యాగు. కొత్తగా వచ్చేవారికి నేను చెప్పేది ఇదే: ఉన్న పేరును మార్చడానికి తొందరపడకండి, లేని ట్యాగును చేర్చడానికి తొందరపడండి.

ఇంకో రెండు పనులు త్వరగా చెబుతాను. పక్కనున్న పెద్ద రోడ్డుకు, నిర్బంధ బాట ఉన్నంత మేర, 'బైసికిల్=యూజ్_సైడ్‌పాత్' రాయాలి. లేకపోతే సైకిలు రూటరు రోడ్డునే ఎంచుకుంటుంది. అలాగే బాట రోడ్డును తాకే ప్రతి చోటా రెండు గీతలకూ ఉమ్మడి బిందువు ఉండాలి. కంటికి కలిసినట్టు కనిపించినా బిందువు కలవకపోతే రూటరుకు అది తెగిన వంతెన. ఈ మూడున్నర కిలోమీటర్లలో అలాంటివి రెండు దొరికాయి. మధ్యలో కారు రాకుండా నిలబెట్టిన స్తంభాల మధ్య ఎడం కూడా కొలిచి రాశాం. వెనక పిల్లల బండి తగిలించుకుని సైకిలు తొక్కే తల్లిదండ్రులు చూసుకునేది ఆ కొలతే.

మార్పు కనిపించిందా

వెంటనే కనిపించలేదు. పటం బొమ్మ నిమిషాల్లో మారింది, కానీ యాప్‌లు సమాచారాన్ని తమ వీలును బట్టి తెచ్చుకుంటాయి. నాన్న ఫోనులోని మ్యాపును కొత్తగా దించుకున్నాక, స్టేషను నుంచి నడక దారి అడిగితే మొదటిసారి నది ఒడ్డు మీదుగానే చూపించింది. లారీల రోడ్డు ఊసు లేదు. సైకిలు దారి అడిగితే అడవి దారిని వదిలేసింది. వేరు బాటలో ఏ వైపు నడవాలో మాత్రం ఆ యాప్ ఇప్పటికీ చెప్పదు. సమాచారం ఉంది, చూపించేవారు లేరు. అందుకని నాన్నకు నేనే చూపించాను: బోర్డులో మీ బొమ్మ గీతకు ఏ వైపు ఉందో ఆ వైపే నడవండి, అడ్డగీత అయితే మొత్తం మీదే, కుడి పక్కగా ఉండండి. ఆ తర్వాత రోజూ వెళ్ళారు. సెప్టెంబరు నాటికి ఎదురొచ్చే సైకిలు వాళ్ళు ఆయనకు నమస్కారంగా తల ఊపడం మొదలుపెట్టారు.

కాలువ గట్టు

ఇంటికి వెళ్ళాక నాన్న ఊరుకోలేదు. మా ఊరి పక్క కాలువ గట్టు ఫొటోలు పంపి, దీన్ని ఎలా రాస్తావని అడిగారు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు తెచ్చే కాలువల్లో ఒకదాని పిల్ల కాలువ అది. ఆ గట్టు మీద నేను బడికి నడిచాను, తర్వాత సైకిలు తొక్కాను. గడ్డి మోపులతో ఆడవాళ్ళు నడుస్తారు, గేదెలు నడుస్తాయి, వరి కోతలప్పుడు ట్రాక్టరు వస్తుంది, ఇప్పుడు మోటారు సైకిళ్ళు. ఎన్ని తరాలుగానో అది ఉమ్మడి బాటే. ఒక్క బోర్డూ లేదు.

జర్మనీలో నేర్చుకున్న డెజిగ్నేటెడ్‌ను ఇక్కడ పెట్టడం అబద్ధం రాయడమే. ఎవరూ కేటాయించలేదు. వాడుకలో ఉంది, ఎవరూ అడ్డు చెప్పరు. కాబట్టి 'హైవే=ట్రాక్', 'ఫుట్=యెస్', 'బైసికిల్=యెస్', నేల 'కంపాక్టెడ్' (అణచి గట్టిపడినది), వానాకాలంలో బురద అన్నది వివరణలో. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభించిన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు సైకిల్ ట్రాక్ సంగతి వేరు. అది నాలుగున్నర మీటర్ల వెడల్పుతో, సైకిళ్ళ కోసమే కట్టినదని కళ్ళ ముందే ఉంది. దానికి 'హైవే=సైకిల్‌వే', 'బైసికిల్=డెజిగ్నేటెడ్' అనడంలో సందేహం లేదు. మన రాష్ట్రాల్లో మ్యాపు వేసేవారు ఈ రెండింటినీ ఒకే మూసలో పోయకూడదని నా కోరిక. మన దారుల్లో ఎక్కువ భాగం ఔటర్ రింగ్ రోడ్డు ట్రాకులా ఉండవు, మా గట్టులా ఉంటాయి. బోర్డు లేదని వాటిని వదిలేస్తే పల్లెల్లో నడిచేవారూ సైకిలు తొక్కేవారూ పటంలోనే ఉండరు.

గట్టు మొత్తం మూడు మీటర్లు అని రాసి పంపాను. మరునాడు నాన్న ఫోను చేశారు. "తూము దగ్గర ఎంత రాశావు?" అన్నారు. అక్కడ కూడా మూడే అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. సాయంత్రం మళ్ళీ ఫోను వచ్చింది. టేపు పట్టుకోవడానికి పక్కింటి కుర్రాణ్ణి తీసుకుని గట్టు మీదికి వెళ్ళారట. మూడు చోట్ల కొలిచారట. తూము రెక్కల మధ్య మీటరు నలభై. ఆ రాత్రే గీతను అక్కడ రెండు చోట్ల కోసి, మధ్య ముక్కకు ఆ కొలత రాశాను.